సరిపోతాది

పొద్దున షాపు తీయగానే ఇమ్మానుయేల్ చేసే మొదటి పని ఒకటుంది. ఇంటి నుంచి తొక్కుకుంటూ వచ్చిన తన పాత సైకిలుకు ఎదురుగా నిలబడి, ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, హ్యాండిల్ రెండు కొసలూ పట్టుకుని ఒకసారి ఎడమకూ ఒకసారి కుడికీ గట్టిగా తిప్పి చూస్తాడు. అది కదలదు. కదలదని అతనికీ తెలుసు. అయినా చూస్తాడు. ఆ తర్వాతే టీ.

ఎదురుగా టీ అంగడి పెట్టుకున్న తిరుమలమ్మకు ఇది రోజూ చూసే తమాషా.

"అది యాడికీ పోదులే అన్నా. నువ్వు ముందు ఈడికి రా, టీ ఆరిపోతా ఉండాది" అంటుంది.

ఒకప్పుడు ఈ మాటకు ఇమ్మానుయేల్ ఏదో ఒక ఎదురు మాట అనేవాడు. "నీ టీ యాడ ఆరతాది, ఆరేదానికి అది వేడిగా ఉండాల గదా" అనేవాడు. ఇప్పుడు గ్లాసు తీసుకుని, తాగి, గ్లాసు కడిగిన నీళ్లు రోడ్డు మీద చల్లి వెళ్లిపోతాడు.

పాకాల స్టేషను రోడ్డులో ఆ సైకిలు షాపు పాతికేళ్లకు పైగా ఉంది. బోర్డు లేదు. ఉండేది కానీ గాలివానకు పడిపోయింది, మళ్లీ పెట్టలేదు. లోపల ఒక పక్క ఇమ్మానుయేల్ పానాలూ, గాలి పంపూ, నూనె డబ్బాలూ. ఇంకో పక్క కిటికీ వెలుగు పడేచోట అతని భార్య రూతు కుట్టు మిషను. ఆమె జాకెట్లు కుడుతుంది. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది.

ఇమ్మానుయేల్‌ది కార్వేటినగరం పక్క పల్లె. అమ్మా నాయనా చెరుకు కొట్టే కూలీలు. ఏడో తరగతితో బడి మానేసి చిత్తూరు వచ్చి మునస్వామి అనే ఆయన దగ్గర సైకిళ్ల పనికి చేరాడు. మునస్వామి పొట్టి మనిషి, వేళ్లు మాత్రం పొడుగు. కొలవడానికి ఆయన ఏ పరికరమూ వాడేవాడు కాదు. ఏ సామాను చేతికిచ్చినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, కాసేపు మెల్లగా తిప్పి, "సరిపోతాది" అనేవాడు.

"ఒరే ఇమ్మానూ, సైకిల్లో అన్నీ ఒకే తల్లి బిడ్డలురా" అని చెప్పేవాడు శిష్యుడికి. "లూధియానాలో పుట్టిన పెడలు తీసుకొచ్చి చిత్తూరు సైకిలుకు తిప్పు. ఎక్కతాదా లేదా? మనుషుల్లో ఉండాదేమో గానీ, సైకిళ్లలో నీది వేరు నాది వేరు అనేది లేదు."

ఆ రోజుల్లో అది నిజమే. కంపెనీ ఏదైనా రిమ్ము అదే, చైను అదే. హ్యాండిల్ గొట్టమంటే ఒక ఇంచి, అంతే. అక్కడా ఇక్కడా చిన్న చిన్న తేడాలు వచ్చినా వాటికి మునస్వామి దగ్గర రెండే మందులు. వదులైతే పౌడరు డబ్బా రేకు కత్తిరించి లోపల చుట్టడం, బిగువైతే ఆకురాయి పెట్టి అరగదీయడం.

సరిపోతాది అనే మాటలో రెండు అర్థాలున్నాయి. కొలత కుదురుతుందని ఒకటి. కుదరకపోయినా దాంతో గడిచిపోతుందని ఇంకొకటి. మునస్వామి షాపులో ఈ రెండింటికీ తేడా ఉండేది కాదు. ఎలాగూ గడిచిపోయేది కాబట్టి కుదిరినట్టే. ఇమ్మానుయేల్ ఆ షాపు నుంచి పనితోపాటు ఆ మాటనూ తెచ్చుకున్నాడు. పాకాలలో సొంతంగా షాపు పెట్టుకున్నాక ఆ మాటే అతని పేరయింది. "సరిపోతాది దగ్గర ఇచ్చి రాపో" అనేవాళ్లు పిల్లలతో.

రూతు మాత్రం ఎగతాళి చేసేది.

"నీకేమయ్యా, సైకిలు నోరు తెరిచి చెప్పదు. నేను అర ఇంచి తప్పితే జాకెట్టు తెచ్చి మొహాన కొడతారు."

"సైకిలు చెప్పదా? నువ్వు ఇనే రకం కాదు గానీ, అది చెప్తానే ఉంటాది."

బాడుగ సైకిళ్ల కాలంలో షాపు ముందు వరసగా సైకిళ్లుండేవి. తర్వాత ఊరంతా మోటారు సైకిళ్లయ్యాయి. బాడుగ సైకిళ్లు తుక్కుకు పోయాయి. ఆ తర్వాత, ఇక ఈ పని అయిపోయినట్టేనని అతను అనుకుంటున్న రోజుల్లో, తిరుపతి వైపు నుంచి గేరు సైకిళ్లు రావడం మొదలైంది. వాటితోపాటే వచ్చాడు డిగ్రీ కాలేజీ డ్రిల్లు మాస్టరు బాలచంద్ర.

ఆయన సైకిలు టైరు పగిలింది. టైరు మీద ఇరవై ఆరు అని ఉంది. ఇమ్మానుయేల్ తన దగ్గరున్న ఇరవై ఆరు టైరు తీసి ఎక్కించబోయాడు. ఎక్కలేదు. సబ్బు నీళ్లు పూశాడు, కాలితో తొక్కాడు, స్క్రూడ్రైవరు పెట్టి మీటాడు. రెండింటి మీదా ఇరవై ఆరే ఉంది, ఒకటి ఇంకొకదాని రిమ్ముకు ఎక్కదు.

"ఇరవై ఆరులో రెండు రకాలు ఉండాయంట ఇమ్మానుయేలూ" అన్నాడు బాలచంద్ర నవ్వుతూ.

"ఇరవై ఆరంటే ఇరవై ఆరే గద సార్. ఇరవై ఆరులో మళ్లీ రకాలేంది?"

"నన్నడిగితే? నేనేమన్నా లెక్కల సారునా, డ్రిల్లు సారును."

ఆ రోజు ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ ఆ తర్వాత ఒక్కొక్కటీ అట్లాగే ఎదురు తిరిగింది. ఒకదాని చైను ఇంకొకదాని పళ్ల మీద జారేది. ఒకదాని ట్యూబు మూతి పంపు పట్టనంత సన్నం. మునస్వామి చెప్పిన ఒకే తల్లి బిడ్డలు ఎప్పుడో వేరు కాపురాలు పెట్టేశారు. ఇమ్మానుయేల్ మాత్రం డబ్బా రేకుతోనూ ఆకురాయితోనూ వాటిని ఎలాగోలా కలిపి పంపిస్తూనే ఉన్నాడు. బడికి పోయే పిల్లలూ పాలబ్బాయిలూ తొక్కే సైకిళ్లు కాబట్టి అవీ గడిచిపోతూనే ఉన్నాయి.

వాళ్లకు ఒక్కతే కూతురు, అమల. ఆ షాపులోనే పెరిగింది. నడక వచ్చిన కొత్తలోనే బాడుగ సైకిళ్ల పెడళ్లు చేత్తో తిప్పుతూ కూర్చునేది. పెద్దదయ్యాక మాట తక్కువ, తొక్కడం ఎక్కువ. చర్చికి కూడా సైకిలు మీదే పోతానంటే రూతు కోప్పడేది. డిగ్రీలో చేరాక ఒకసారి కాలేజీ బస్సు తప్పిపోతే, దామలచెరువు దాకా బస్సు వెనకే తొక్కుకుంటూ పోయి దాన్ని దాటేసింది. ఆ బస్సులో బాలచంద్ర ఉన్నాడు.

అలా మొదలైంది. తిరుపతిలో చదువు ముగించుకుని వెళ్లిపోతున్న ఒక కుర్రాడి దగ్గర పాత రేసు సైకిలు కొన్నారు. రోజూ తెల్లారగానే పూతలపట్టు రోడ్డు మీద సాధన. బాలచంద్ర మోటారు సైకిలు మీద వెనక. ఇమ్మానుయేల్ ఎప్పుడూ ఆశలు పెట్టుకునే మనిషి కాదు, కానీ ఒకరోజు బాలచంద్ర షాపులో కూర్చుని విడమరిచి చెప్పాడు. జిల్లా ఎంపికలో మొదటి ఇద్దరిలో వస్తే రాష్ట్ర పోటీకి పంపుతారు. రాష్ట్ర పోటీలో ఆడినట్టు సర్టిఫికెట్టు ఉంటే ఆటల కోటాలో ఉద్యోగానికి దారి ఉంటుంది. పోలీసో, రైల్వేనో.

"రైల్వే అంటే ఈడ్నే, మన స్టేషన్లోనే ఏస్తారా సార్?" అని మిషను దగ్గర్నుంచి అడిగింది రూతు.

"ఏస్తే ఏస్తారమ్మా. ముందు పాప గెలవాల గదా."

ఒంటరిగా కాలంతో పోటీపడే రేసు అది. ఒక్కొక్కరినే వదులుతారు. ఎవరు తక్కువ సమయంలో వస్తే వాళ్లది గెలుపు. మొదటి ఏడు అమల మూడో స్థానంలో వచ్చింది. తుమ్మినంత తేడా అని బాలచంద్ర అన్నాడు. మరుసటి ఏడే చివరి అవకాశం. ఆ తర్వాత ఆమె పోటీపడుతున్న వయసు విభాగం దాటిపోతుంది.

ఆ చివరి ఏడు, పోటీకి నెలరోజుల ముందు, బాలచంద్ర ఒక గుడ్డ సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల రెండు నల్లటి గొట్టాలు, కొసలు పైకి వంగి ఉన్నాయి. వాటి మొదట్లో మెత్తటి దిండ్లు.

"ఏంది సార్ ఇది, ఎద్దు కొమ్ములా?"

"కొమ్ములే అనుకో. వీటిని హ్యాండిల్‌కు బిగిస్తారు. దిండ్ల మీద మోచేతులు ఆనించి, ఈ కొసలు పట్టుకుని ముందుకు వంగితే, ఎదురుగాలి ఎదకు తగలకుండా వీపు మీంచి పోతాది. పోయినేడు ముందొచ్చిన ఇద్దరికీ ఇవి ఉండాయి. మన పాపకు లేవు. అంతే తేడా."

బెంగుళూరులో ఉన్న ఆయన పాత శిష్యుడు కొన్నాళ్లు వాడుకుని పక్కన పెట్టినవి. అమల వచ్చి ఒక కొమ్ము చేతిలోకి తీసుకుని చూసింది.

"నిజంగా ఎద్దు మాదిరే ఉంటా నాయనా దీంతో" అంది. ఆమె అంతగా నవ్వడం చూసి చాలా రోజులైంది.

ఇమ్మానుయేల్ సైకిలును స్టాండు మీద పెట్టి కొమ్ము తగిలించాడు. హ్యాండిల్ చుట్టూ దాని క్లాంపు ముసలాయన చేతికి గడియారంలా గలగలా తిరిగింది. లావు హ్యాండిల్ ఉన్న కొత్త సైకిళ్ల కోసం చేసిన కొమ్ములు అవి. అమల సైకిలుది పాత సన్న గొట్టం. మధ్యలో రెండు అల్యూమినియం రింగులు వేస్తే సరిపోతుందని, బెంగుళూరు కుర్రాడు వాటిని ఎక్కడో పోగొట్టుకున్నాడని బాలచంద్ర చెప్పాడు. తిరుపతిలో సామాన్లు తెప్పించే ఒకతని నంబరు ఇచ్చాడు.

ఇమ్మానుయేల్ అప్పుడే ఫోను చేశాడు.

"మీ హ్యాండిల్ ఎంతన్నా?" అడిగాడు అవతలతను.

"ఇంచి."

"కొలిచినారా?"

"హ్యాండిలంటే ఇంచే గదప్పా. దాన్ని కొలిచేదేముండాది?"

ఆ మాట అంటున్నప్పుడు రూతు రెండు బారల దూరంలో ఎవరిదో చేతి కొలత చూస్తోంది. ఆమె మెడలో టేపు లేదు, చేతిలో ఉంది. లేచి నాలుగడుగులు వేసి అడిగి ఉంటే ఇచ్చేది. దాన్ని హ్యాండిల్ చుట్టూ ఒక్కసారి చుట్టి చూసి ఉంటే, ఆ గొట్టం ఇంచి కన్నా ఒక గోరు మందం ఎక్కువని తెలిసిపోయేది. రేసు సైకిళ్ల హ్యాండిళ్లలో ఇంచివి వేరు, ఇంచి దాటినవి వేరు అని ఇమ్మానుయేల్‌కు అప్పటికి తెలియదు. మునస్వామికీ తెలియదు.

రింగులు ఎక్కడి నుంచో రావాలి. ఇవాళ రేపు అంటూ జరిగి జరిగి, ఆదివారం పోటీ ఉందనగా గురువారం వచ్చాయి. ఒక పక్క చీలిక ఉన్న రెండు తెల్లటి రింగులు. లోపలి వైపు సన్నటి గాట్లున్నాయి. హ్యాండిల్ మీద పెట్టి నొక్కితే రింగు నోరు తెరుచుకుని కూర్చుంది కానీ ఒదగలేదు. దాని మీద క్లాంపు మూస్తే రెండు పెదవులూ కలవడం లేదు. బోల్టు కొస మాత్రమే మరకు అందుతోంది.

తిరుపతికి మళ్లీ ఫోను చేశాడు.

"అట్లయితే మీది ఇంచి కాదన్నా, ఇరవై ఆరు మిల్లీమీటర్లు. నేను అందుకే కొలిచినారా అని అడిగినాను. వేరేవి పంపిస్తాను, వారం పడతాది" అన్నాడతను.

మళ్లీ ఇరవై ఆరు. ఇమ్మానుయేల్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. బాలచంద్ర కాలేజీ నుంచి అటే వచ్చి, సంగతి విని, అమల వైపు చూశాడు.

"పోనీలే. కొమ్ములు లేకుండానే పోదాం పాపా. పోయినేటి కన్నా ఈసారి నీ కాళ్లు బాగుండాయి."

"మీ ఇష్టం సార్" అంది అమల. ఆమె సైకిలు వైపు కాదు, నేల వైపు చూస్తోంది. పోయినేడు మూడో స్థానంలో వచ్చినప్పుడు కూడా ఇట్లాగే నేలకేసి చూస్తూ నిలబడిందని ఇమ్మానుయేల్‌కు గుర్తొచ్చింది. ఇంతమంది సైకిళ్లు బాగుచేసి పంపిన తను, సొంత బిడ్డ సైకిలుకు ఒక రింగు ఒదిగించలేడా అనిపించింది. ఒక రింగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా తిప్పాడు.

"సరిపోతాది" అన్నాడు.

"చూసుకో ఇమ్మానుయేలూ. సరిపోకపోతే వద్దు. బలవంతం లేదు."

"సరిపోతాది సార్. గోరంత గదా, అరగదీస్తా."

శుక్రవారమంతా అదే పని. గుండ్రటి ఆకురాయి తీసుకుని రింగు లోపలి వైపు రుద్దడం, హ్యాండిల్ మీద పెట్టి చూడడం, తీసి మళ్లీ రుద్దడం. అల్యూమినియం పొడి చేతుల వెంట్రుకలకు అంటుకుని మెరిసింది. లోపలున్న సన్నటి గాట్లు అన్నిటికన్నా ముందు అరిగిపోయాయి. అవి గొట్టాన్ని కరిచి పట్టడానికేనని అతనికి తోచలేదు. అడ్డం వస్తున్నవే అవి అనుకున్నాడు. సాయంత్రానికి రింగు ఒదిగింది. క్లాంపు పెదవులు కలిశాయి. బోల్టులు లోపలిదాకా పోయాయి.

"అయిందా?" అడిగింది రూతు.

"నేను చెప్పలేదా?"

ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని కొమ్ములు పట్టుకుని గుంజాడు. కదల్లేదు. కొసల మీద తన బరువంతా వేసి వేలాడాడు. కదల్లేదు. అమల ఎక్కి రైల్వే గేటు దాకా పోయి వచ్చింది. అది కొత్తగా తారు వేసిన నున్నటి రోడ్డు.

"బాగుండాది నాయనా. గాలి నెత్తి మీంచి పోతా ఉండేది తెలస్తా ఉండాది" అంది.

ఆదివారం ఆరాధన మానడం రూతుకు ఇష్టం లేదు. తను చర్చికి పోయి అక్కడే ప్రార్థన చేస్తానంది. ఇమ్మానుయేల్ ఉతికిన చొక్కా వేసుకుని, బాలచంద్ర మాట్లాడిన వ్యానులో సైకిలు పక్కనే కూర్చుని చిత్తూరు పోయాడు. ఊరి బయట బైపాసులో పోటీ. ముగింపు గీత దగ్గర ఒక వేపచెట్టు కింద నిలబడ్డాడు. అమల వరస వచ్చినప్పుడు ఆమె కొమ్ముల మీద వంగి బాణంలా వెళ్లిపోవడం దూరం నుంచి చూశాడు. పక్కనున్న ఎవరో పెద్దమనిషి, "ఆ పాప ఎవురప్పా, బలే పోతా ఉండాది" అన్నాడు. నా కూతురే అని చెప్పాలనుకుని సిగ్గుపడి ఊరుకున్నాడు. తిరిగొచ్చాక చెబుదాంలే అనుకున్నాడు.

అమల ముందు బయలుదేరినవాళ్లు వచ్చారు. వెనక బయలుదేరినవాళ్లూ వచ్చారు. అమల రాలేదు. బాలచంద్ర ఫోను మోగింది. ఆయన విని, "యాడ?" అని మాత్రం అన్నాడు.

ఆమెను జీపులో తీసుకొచ్చారు. ఎడమ చేతిని కుడి చేత్తో గుండెకు ఆనించుకుని కూర్చుని ఉంది. గడ్డం దగ్గర చర్మం లేచిపోయింది. ఏడవడం లేదు.

"కుక్క అడ్డమొచ్చింది నాయనా" అంది తండ్రిని చూడగానే, అతను అడగకముందే.

ఆసుపత్రిలో మణికట్టు ఎముక విరిగిందన్నారు. చిన్న ఎముకే, కానీ అతుక్కోవడం కష్టమైన చోటన్నారు. కట్టు కట్టి పంపారు. ఇంటికి వచ్చేసరికి రూతు గుమ్మంలో నిలబడి ఉంది. కట్టు చూసి ఒక్కసారిగా, "ఏ కుక్కే? దాని కడుపు కాల. ఎట్లుండిందే?" అని అడిగింది.

"నల్ల కుక్కమా. గట్టు మీద నుంచి దూకేసింది."

మరుసటి రోజు పొద్దున వ్యాను మనిషి సైకిలు తెచ్చి షాపు ముందు దింపి పోయాడు. ఇమ్మానుయేల్ దాన్ని స్టాండు మీద ఎక్కించాడు. చక్రాలు వంకర పోలేదు. ఫోర్కు బాగానే ఉంది. ఎడమ కొమ్ము తను బిగించినట్టే ముందుకు చూస్తోంది. కుడి కొమ్ము నేలకు తిరిగి వేలాడుతోంది.

ఎలెన్ కీ తీసి బోల్టు మీద పెట్టాడు. బోల్టు గట్టిగానే ఉంది. పడినప్పుడు దెబ్బ తగిలి తిరిగిందేమోనని కొమ్ము పొడుగునా చూశాడు. కొస మీద గీత కూడా లేదు. క్లాంపు విప్పితే లోపల రింగు పక్కకు తిరిగిపోయి ఉంది. తను అరగదీసినచోట అల్యూమినియం అద్దంలా నున్నగా మెరుస్తోంది. గొట్టం మీద రింగు జారిన జాడ ఉంగరంలాగా సన్నగా పడింది. బైపాసులో వాహనాల వేగం తగ్గించడానికి రోడ్డుకు అడ్డంగా తెల్లటి గట్లు వరసగా వేస్తారు. వాటి మీద సైకిలు దడదడలాడి ఉంటుంది. మోచేతుల మీద ఒళ్లంతా మోపి వంగి ఉన్నప్పుడు, ఆ అదురుకు కుడి చేతి కింద ఆధారం ఒక్కసారిగా పోయి, సైకిలు ఎడమ పక్కకు పడి ఉంటుంది.

అతను మునస్వామి షాపులో వందల సీట్ల కింద రేకులు వేశాడు. సీటు మీద బరువు నిలువుగా కిందికి దిగుతుంది, రేకు నలిగినా నిలబడుతుంది. కొమ్ముల మీద బరువు ముందుకు పోయి తిరగదోస్తుంది. ఇది ఇప్పుడు రింగు చేతిలో పట్టుకుని నిలబడ్డాక అర్థమైంది.

సాయంత్రం బాలచంద్ర వచ్చాడు. స్టూలు మీద కూర్చుని చాలాసేపు మోకాళ్లు నిమురుకున్నాడు.

"సగం దూరానికే మన పాపది అందరికన్నా మంచి టైమంట ఇమ్మానుయేలూ. ఆడ నిలబడి రాసుకున్నోళ్లు చెప్పినారు" అన్నాడు.

ఇమ్మానుయేల్ తల వంచుకుని ఉన్నాడు. రింగు అతని జేబులో ఉంది. చెప్పాలనుకున్నాడు. "సార్" అన్నాడు.

"మన కర్మ కాకపోతే, అంత పెద్ద రోడ్డు మీద ఆ కుక్క యాడి నుంచి వచ్చిందో" అన్నాడు బాలచంద్ర.

మిషను పక్కన చాప మీద కూర్చున్న అమల తల ఎత్తింది.

"కుక్కే సార్" అంది. "ఎర్ర కుక్క. గడ్డిలో పడుకోనుండింది. నేను చూసుకోలేదు. నాదే తప్పు."

ఇమ్మానుయేల్ కూతురి వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు. తల్లి కత్తిరించి పడేసిన గుడ్డ ముక్కను కుడి చేతి వేళ్లతో మడుస్తోంది, విప్పుతోంది. రూతు మిషను తొక్కుతూనే ఉంది. కుక్క రంగు మారిన సంగతి ఆమెకు వినపడలేదు.

అతను నోట్లో ఉన్న మాటను మింగాడు. ఇప్పుడు చెబితే ఆ పిల్ల అబద్ధమాడిందని అవుతుంది. చెప్పకపోతే తను ఆడినట్టవుతుంది. రెండోదే మేలనుకున్నాడో, ధైర్యమే చాలలేదో, అతనికీ తెలియదు. బాలచంద్ర లేచి వెళ్లిపోయాడు. ఆ కుక్క మాట ఇంతవరకూ ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఎముక అతికింది కానీ సరిగ్గా అతకలేదు. ఎడమ చేత్తో బ్రేకు గట్టిగా నొక్కితే మణికట్టు నుంచి మోచేతి దాకా పోటు. మరుసటి ఏడు పోటీ జరిగింది. ఆ విభాగంలో అమలకు వయసు దాటిపోయింది. బాలచంద్రకు వేరే ఊరు బదిలీ అయింది. పోతూ పోతూ కొమ్ములు ఇక్కడే ఉంచుకోమన్నాడు. అవి గుడ్డ సంచిలోనే అటక మీద ఉన్నాయి. రేసు సైకిలు షాపు వెనక గోడకు, చక్రాలు తీసి, కొక్కానికి వేలాడుతోంది.

రింగులను ఏం చేయాలో ఇమ్మానుయేల్‌కు తెలియలేదు. పారేయబుద్ధి కాక బల్ల సొరుగులో పడేశాడు. ఒకరోజు రూతు దేనికో సొరుగు వెతికి, అవి కనపడితే తీసుకుంది. ఫ్యాను గాలికి కాగితపు కటింగులు ఎగిరిపోకుండా వాటి మీద బరువు పెట్టుకుంటుంది. చక్కగా ఉన్నాయని మెచ్చుకుంది కూడా. రోజూ కిటికీ వెలుగులో అవి తళతళలాడుతుంటాయి. వాటికి వీపు తిప్పి కూర్చుని పని చేసుకోవడం ఇమ్మానుయేల్‌కు అలవాటైంది.

తిరుపతి పోయి అతను ఒక వెర్నియరు కొనుక్కొచ్చాడు. ఇప్పుడు ఏ సైకిలు వచ్చినా ముందు దాంతో కొలుస్తాడు. హ్యాండిలూ, సీటు గొట్టమూ, ఇరుసూ. కొలిచి, చాలాసార్లు, సామాను తిరిగి చేతికిచ్చేస్తాడు.

"సరిపోదు."

"ఒక రేకు ముక్క ఏసి బిగించప్పా. నీకు తెలీనిదేముండాది?" అంటారు పాతవాళ్లు.

"సరిపోదు. వేరేది తెచ్చుకోండి."

"ఏమప్పా ఇమ్మానుయేలూ, డాక్టరువైపోయినావా ఏంది? ఏం తెచ్చినా పరీక్షలు చేసి లేదంటా ఉండావే. ఇంక నీకాడికి ఎవురొస్తారు?"

రావడం తగ్గింది. బస్టాండు దగ్గర ఇంకొకతను షాపు పెట్టాడు. ఏం తెచ్చినా కాదనడు. అటు పోయే సైకిళ్లను ఇమ్మానుయేల్ గుమ్మంలో నిలబడి చూస్తుంటాడు. హ్యాండిళ్లకేసి చూస్తాడు.

ఇంట్లో మాత్రం ఆ మాట పోలేదు. ఇప్పుడది అమల నోట వినిపిస్తుంది. కూరలో ఉప్పు తగ్గిందా అంటే, "సరిపోతాదిలేమా." కట్టు విప్పిన చేతికి ఇంకో డాక్టరును చూద్దామా అంటే, "ఇంత పనిచేస్తే సరిపోతాది నాయనా." పెళ్లి మాట తెస్తే నవ్వి ఊరుకుంటుంది. ఆమె ఆ మాట అన్నప్పుడల్లా ఇమ్మానుయేల్ లేచి బయటికి పోతాడు. సైకిలు ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని హ్యాండిల్ తిప్పి చూస్తాడు. ఇందాకే చూశాడని గుర్తుండదు.

అమల ఇప్పుడు దామలచెరువు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. ఎడమ చేత్తో బరువులు ఎత్తలేదు కాబట్టి కాయలు ఏరే బల్ల దగ్గర వేశారు. పొద్దున షేర్ ఆటోలో పోయి, సాయంత్రం షేర్ ఆటోలోనే వస్తుంది.